వెంటిలేటర్‌లో పూలచీర

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ రోజులంటే తాతల కాలమేం కాదు, గట్టిగా లెక్కపెడితే పదేళ్లు కూడా నిండలేదు. కానీ ఇరవై ఒక్కేళ్ల వయసులో మనిషికి ఉండే జ్ఞానం మళ్లీ ఈ జన్మలో రాదు కాబట్టి, తలుచుకుంటే అదేదో స్వర్ణయుగంలాగే అనిపిస్తుంది. పరకాల నుంచి రోజూ పొద్దున్నే బస్సెక్కి హన్మకొండ వచ్చి, ఒక గ్యాస్ గీజర్ల దుకాణంలో మెకానిక్‌గా పనిచేసేవాణ్ణి. నీలం చొక్కా, జేబు మీద దుకాణం పేరు, భుజానికి పానాల సంచి. అద్దంలో చూసుకుంటే నాకు నేను ఆపరేషన్‌కు బయలుదేరిన డాక్టరులా కనిపించేవాణ్ణి. (మా అమ్మీ మాత్రం ఆ చొక్కా చూసి, "పెట్రోల్ బంక్‌ల పని దొరికిందా బేటా?" అని సంతోషపడింది.) మా అబ్బాకు పరకాలలో చిన్న టైలరింగ్ కొట్టు ఉండేది. నేను కూడా వచ్చి రెండో కుట్టుమిషన్ ముందు కూర్చోవాలని ఆయన కోరిక. "నేను మిషన్లు బాగుచేసేటోణ్ణి, తొక్కేటోణ్ణి కాదు" అని డైలాగు కొట్టి మరీ హన్మకొండ బస్సెక్కాను. అందుకని ఈ ఉద్యోగం నిలబెట్టుకోవడం నాకు బతుకుదెరువు కంటే ముందు పరువు సమస్య.

మా దుకాణం యజమానిని అందరం గ్యారంటీ సేటు అనేవాళ్లం. ఆయన నోట ఏ మాట వచ్చినా చివర గ్యారంటీ ఉండేది. "చాయ్ సల్లారింది, గ్యారంటీ" అనేవాడు తాగకముందే. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఆరు నెలల్లో నేను గీజర్ బిగించడం ఒక వంతు, దాని గురించి ఉపన్యాసం ఇవ్వడం మూడు వంతులు నేర్చుకున్నాను. బిగించడం అయిపోగానే ఇంటిల్లిపాదినీ నిలబెట్టి, చెయ్యెత్తి వేళ్లు ముడుస్తూ మొదలుపెట్టేవాణ్ణి. "దీంట్ల ఐదుగురు కాపలాదార్లు ఉంటరమ్మా. ఒకటి, నల్లా తిప్పి నీళ్లు జోరుగ వస్తెనే ఇది అంటుకుంటది, లేకుంటె అంటుకోదు. రెండు, మంట ఆరిపోయిందా, గ్యాస్ తనంతట తానే బంద్. మూడు, నీళ్లు మరీ సలసల కాగినా బంద్. నాలుగు, ఇరవై నిమిషాలు దాటితె బంద్. ఐదు, బాత్రూంల గాలి సాలకుంటె బంద్." ఈ ఐదోదాని గురించి నాకు ఉన్న శ్రద్ధ చాలా తక్కువ. బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడైనా చాయ్ వచ్చేది.

ఆ చలికాలంలో హన్మకొండలో ఒక గల్లీలో పెద్దమ్మ వాళ్లింట్లో గీజర్ బిగించాను. పెద్దమ్మ అంటే మాకు చుట్టం కాదు. ఆ ఇంటి పెద్ద ఆవిడే, మొదటిరోజే "అమ్మా" అంటే "పెద్దమ్మ అను తమ్మీ" అంది, అంతే. ఆమె ఒక్కగానొక్క కూతురు పురిటికి వచ్చింది, ఆ కూతుర్ని నేను అక్క అనేవాణ్ణి. దవాఖాన నుంచి పసిపాపతో ఇంటికి రాకముందే వేణ్ణీళ్లు సిద్ధంగా ఉండాలని పెద్దమ్మ తొందర. గీజర్‌తో వచ్చిన పుస్తకంలో దాన్ని బయటి గోడకు పెట్టమని రాసి ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు, చెప్పాను కూడా. "బయట పెడితె కోతులు పీకి పందిరేస్తయ్, లోపలనే పెట్టు" అంది పెద్దమ్మ. హన్మకొండ కోతుల సంగతి తెలిసినవాడెవడూ ఆ మాటకు ఎదురు చెప్పడు. పైన వెంటిలేటర్ పెద్దదే ఉంది కదా అని బాత్రూం లోపలే బిగించి, నాలుగున్నర కాపలాదార్ల గురించి చెప్పి, చాయ్ తాగి వచ్చేశాను.

పాప ఇంటికి వచ్చిన మూడో రోజు నుంచి మొదలైంది నా పాలిట శని. పొద్దున ఎనిమిదింటికల్లా పెద్దమ్మ నుంచి వాట్సాప్‌లో గొంతు వచ్చేది. "తమ్మీ, మల్ల బందైంది. కుంకుడుకాయ నురుగు బిడ్డ నెత్తి మీదనే ఉన్నది. జర జల్ది రా." వెళ్లి బ్యాటరీలు మార్చాను. తలుపు బార్లా తెరిచి, పెద్దమ్మను, అరుగు మీది ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్లను పిలిచి, నల్లా తిప్పి చూపించాను. భగ్గుమని అంటుకుని పావుగంట ఆగకుండా పొగలు కక్కుతూ నీళ్లు వచ్చాయి. చాయ్ తాగాను. మర్నాడు ఎనిమిదింటికి మళ్లీ గొంతు. ఈసారి లోపలి రబ్బరు పొర మార్చాను. మళ్లీ పావుగంట, మళ్లీ చాయ్. రెండు రోజులకు మళ్లీ గొంతు. మంటను కనిపెట్టే సూది మార్చాను. నేనున్నంతసేపూ ఆ గీజర్ మా సేటు కంటే నమ్మకంగా పనిచేసేది. నేను గల్లీ మలుపు తిరిగి, రాత్రి గడిచి, మర్నాడు అక్క స్నానానికి కూర్చోగానే పది నిమిషాలకు ఠక్కున ఆరిపోయేది. సేటు ఆ గొంతులన్నీ దుకాణంలో అందరికీ వినబడేలా పెట్టేవాడు. కొత్తగా కొనడానికి వచ్చినవాళ్లు కూడా విని, "మల్లొస్తం" అని వెళ్లిపోయేవాళ్లు.

ఈ కథలో నాకు అసలు ప్రత్యర్థి నీళ్ల అవ్వ. వర్ధన్నపేట వైపు నుంచి ఎప్పుడో వచ్చి, ఆ చుట్టుపక్కల నాలుగు గల్లీల్లో పుట్టిన ప్రతి పసిగుడ్డుకూ కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసిన చెయ్యి ఆవిడది. బాలింతకు పోసేదీ ఆవిడే. నీళ్ల వేడిని మోచేత్తో చూసి చెప్పేది. గీజర్ మీదున్న అంకెలను నమ్మేది కాదు, వాటిని పెట్టిన నన్ను అసలే నమ్మేది కాదు. "యాబై ఏండ్ల సంది కాగుల నీళ్లు కాగవెడుతాన్న. ఎన్నడన్న ఆరిందారా నా పొయ్యి? గీ డబ్బ సూడు, పుట్టిన కాన్నుంచి సత్తనే ఉన్నది" అనేది. నేను వెళ్లిన ప్రతిసారీ పెద్దమ్మను అడిగేవాణ్ణి, "మిషన్‌ను ఎవరన్న ముట్టిండ్రా? ఏమన్న మార్చిండ్రా?" అని. ఎవరూ ముట్టలేదు, ఏమీ మార్చలేదు. నిజమే చెప్పారు పాపం. నేను మిషన్ గురించే అడిగాను, వాళ్లు మిషన్ గురించే చెప్పారు.

పాప పుట్టిన పంతొమ్మిదో రోజు సాయంత్రం సేటు నన్ను పిలిచాడు. ఇరవై ఒకటో నాడు పాపను తొట్టెలలో వేసే పండుగ. చుట్టాలంతా వస్తారు, ఆ పొద్దున తల్లీబిడ్డలకు పెద్ద తలస్నానం. "ఆ దినం ఆరిందనుకో, మిషన్‌ను నేనే పీకి తెస్త. మిషన్‌ను దుకాణంల దించి, నిన్ను పరకాల బస్సెక్కిస్త. గ్యారంటీ" అన్నాడు. అది చాలదన్నట్టు రాత్రి పెద్దమ్మ గొంతు ఇంకొకటి వచ్చింది. "తమ్మీ, పక్క గల్లీల కరెంటు పనిచేసే పిలగాడు చూసిండు. లోపల రెండు వైర్లు డైరెక్ట్ కలిపితె ఇగ జన్మల ఆరదట. రేపు మాపటికి వస్తనన్నడు." నాకు నిద్ర పట్టలేదు. నా గీజర్ మీద ఇంకొకడు చెయ్యి వేస్తాడా అన్నదే నా బాధంతా! ఆ రెండు వైర్లు కలిపితే ఏమవుతుందో ఆలోచించేంత తెలివి ఆ రాత్రి నాలో లేదని ఒప్పుకోవడానికి ఇప్పుడు కూడా కొంచెం సిగ్గుగానే ఉంది.

ఇరవయ్యో రోజు మొదటి బస్సుకే వచ్చేసి, ఏడు కొట్టకముందే పెద్దమ్మ ఇంటి వరండాలో, బాత్రూం తలుపు పక్కన చతికిలబడ్డాను. ఆరేటప్పుడు నేను అక్కడ ఉంటే తప్ప జబ్బు తెలియదని నా లెక్క. లోపల అక్క, పాప, అవ్వ. నేను తలుపుకు చెవి ఆనించి, "అవ్వా, ఇప్పుడేం చేస్తాన్నవ్? నల్లా ఎంత తిప్పినవ్?" అని అడుగుతున్నాను.  మూడో ప్రశ్నకు తలుపు అంగుళం తెరుచుకుని అవ్వ ముఖం బయటికి వచ్చింది. "ఆడోళ్లు తానం జేసేకాడ చెవి వెట్టి కూసుంటవారా? మీ అమ్మకు జెప్పాల్నా? లే! ఎనుక గల్లీలకు పో!" పెద్దమ్మ కూడా వంటింట్లోంచి "నిజమే తమ్మీ, జర దూరం నిలవడు" అంది. డాక్టరుగారు సంచీ భుజానికెత్తుకుని, తోక ముడిచి, ఇంటి చుట్టూ తిరిగి వెనక గల్లీలోకి నడిచాడు.

అక్కడ గోడ మీద, నా తలకు రెండు మూరల ఎత్తున, బాత్రూం వెంటిలేటర్ ఉంది. ఉండాలి. నాకు మాత్రం అక్కడ ఒక చీర కనిపించింది. ఎర్రటి చీర, పసుపు పూలు, బాగా పాతది, వెంటిలేటర్ సందుల్లో ఒక్క చీమ దూరకుండా కుక్కి, కొంగు మాత్రం బయటికి వేలాడుతోంది. ఆ కొంగులోంచి సన్నగా తెల్లటి పొగ కారుతోంది. ముక్కుతో ఎగపీల్చి చూశాను. సాంబ్రాణి! నేను వచ్చినప్పుడల్లా ఆ చీర అక్కడ లేదు. బాలింతకు గాలి తగలకూడదని అవ్వ నీళ్లు పోసే ముందు చీర కుక్కుతుంది, వెచ్చగా ఉండాలని నిప్పుల కుంపటి కూడా లోపలే పెట్టి దాని మీద సాంబ్రాణి చల్లుతుంది, తలుపు గడియ పెడుతుంది. స్నానం కాగానే చీర తీసి మడిచి, కుంపటి బయట పెట్టేస్తుంది. తర్వాత నేను వచ్చి, బార్లా తెరిచిన గదిలో మంట చూసి మురిసిపోయి చాయ్ తాగుతాను. ఇంత పెద్ద రహస్యం గోడకు వేలాడుతుంటే, నేను పన్నెండు రోజులుగా సూదులు మారుస్తున్నాను. సరిగ్గా అప్పుడే లోపల ఠక్కుమని చప్పుడు. "మల్ల సచ్చింది గీ మిషన్!" అని అవ్వ కేక.

చావలేదు, గాలి చాలక దాని ఐదో కాపలాదారు గ్యాస్ కట్టేశాడు. ఆ మాట బుర్రకు తట్టగానే కేకలు పెట్టాను, "తలుపు తెరువుండ్రి! బయటికి రాండ్రి!" అని. లోపల నీళ్ల చప్పుడు, అవ్వ తిట్లు, ఎవరికీ వినబడలేదు. పక్కనే బోర్లించిన నీళ్ల డ్రమ్ము ఉంటే దాని మీదికెక్కి, కళ్లు గట్టిగా మూసుకుని (ఈ విషయం మీరు కూడా నమ్మాలి, ఆ రోజు ఎవరూ నమ్మలేదు), కొంగు పట్టుకుని గుంజాను. వస్తూనే ఉంది చీర, ఎంతకీ అయిపోదు. చివరి మూర ఊడిపడగానే గుప్పున పొగ నా ముఖాన కొట్టింది. లోపల అవ్వ కెవ్వున అరిచింది, పాప ఏడుపందుకుంది, ఎదుటి మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ గల్లీ మొత్తం వినబడేలా మొత్తుకుంది: "ఓ పెద్దమ్మో! మీ బాత్రూంలకెల్లి ఎవడో చీర గుంజుతాండు!"

నేను డ్రమ్ము దిగేసరికి గల్లీలో పదిహేను మంది. ఒకాయన చేతిలో చీపురు, ఇంకొకాయన చేతిలో ఫోను, ముందే వీడియో తీస్తున్నాడు. చేతిలో చీర, ముఖాన మసి, నేను. వాళ్లను తోసుకుంటూ ముందు వాకిట్లోకి పరిగెత్తి, "అక్కను, పాపను గాలికి కూసోవెట్టుండ్రి పెద్దమ్మా, కుంపటి బయట పెట్టుండ్రి, తర్వాత నన్ను కొట్టుండ్రి" అన్నాను. నా గొంతులో ఏముందో గాని పెద్దమ్మ తలుపు బాది గడియ తీయించింది. అక్క తలకు తువ్వాలు చుట్టుకుని, దుప్పటి కప్పుకుని వచ్చి వరండాలో మంచం మీద కూర్చుంది. అవ్వ పాపను గుడ్డల్లో చుట్టి గుండెకు హత్తుకుని, రెండో చేత్తో చెంబు పట్టుకుని వచ్చింది. ఆ చెంబు నా కోసమేనని నాకు వెంటనే అర్థమైంది.

"అవ్వా, ఒక్క మాట విను. గీజర్ మంట గాలి తింటది. నీ కుంపటి నిప్పులు గాలి తింటయ్. ముగ్గురు మనుషులు గాలి తింటరు. నువ్వు ఉన్న ఒక్క తొవ్వను చీరతోని మూసినవ్. గాలి సాలకుంటె నిప్పులల్లకెల్లి వాసన లేని విషం పుడుతది. అది మనకు తెల్వది, మిషన్‌కు తెలుస్తది. అందుకే ఆరిపోతాంది" అన్నాను. అవ్వ చెంబు దించలేదు. "నిప్పుల విషముంటె నాలుగు గల్లీల పిల్లలు బతికిండ్రా? నేను పోయలేదా?" అంది. పాత పెంకుటిళ్లలో వెనకాల తడకల చాటున పోసినప్పుడు గాలికి కొదవ లేదని, ఇది టైల్స్ వేసిన డబ్బా లాంటి బాత్రూమని చెప్పాను. అవ్వ తల అడ్డంగా ఊపింది. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. "సరే, సూపిస్త. లోపల ఎవలుండద్దు. మల్ల చీర కుక్కుత, కుంపటి పెడుత, నల్లా తిప్పి బయటికొచ్చి తలుపేస్త. ఆరకుంటె ఇయ్యాల్నే పరకాల పోయి మా అబ్బా దగ్గర కుట్టుమిషన్ తొక్కుత."

చేశాను. వరండాలో అందరం తలుపు వైపు చెవులు రిక్కించి నిలబడ్డాం. ఆరు నెలల్లో ఎన్ని గీజర్లు వెలగాలని కోరుకున్నానో లెక్కలేదు, ఒక్క గీజర్ ఆరిపోవాలని అల్లాను వేడుకున్నది ఆ ఒక్కరోజే. ఐదు నిమిషాలు. భేషుగ్గా మండుతోంది. ఎనిమిది నిమిషాలు. మండుతోంది. పది దాటింది. ఫోను పట్టుకున్నాయన బ్యాటరీ అయిపోతోందని గొణిగాడు. అవ్వ నవ్వింది. "సూసిండ్రా? మనం ఆరొద్దంటె ఆరుతది, ఆరుమంటె ఆరుతలేదు. దీన్ని కూడ నీ లెక్కనే తయారు జేసినవ్ కొడుకా." నాకు కుట్టుమిషన్ పెడలు కాళ్ల కింద తగులుతున్నట్టే అనిపించింది. పన్నెండో నిమిషం సగంలో, లోపల, ఠక్! మంట హోరు ఆగిపోయి ఉత్త నీళ్ల చప్పుడు మిగిలింది. ఒక మిషన్ ఆరిపోయినందుకు పదిహేను మంది చప్పట్లు కొట్టగా నేనెక్కడా చూడలేదు. చీపురాయన నన్ను భుజం మీద చరిచాడు. తలుపు తెరిచి, చీర లాగి, కుంపటి బయటపెట్టి, గదిలో బాగా గాలి ఆడనిచ్చి, మళ్లీ నల్లా తిప్పాను. భగ్గుమంది. ఒక్క స్క్రూ కూడా తిప్పలేదు.

ఆ సంబరంలోనే అక్క మెల్లగా అంది. "అమ్మా, రోజు తానమైనంక నా తల పగిలిపోతుండె. కండ్లు తిరుగుతుండె. బాలింత నీరసమేమో అనుకున్న. చెప్తె నువ్వు ఫికర్ చేస్తవని చెప్పలే." చప్పట్లు ఆగిపోయాయి. అవ్వ చేతిలోని చెంబు కింద పెట్టేసి, పాపను రెండు చేతులతో దగ్గరికి తీసుకుని, దాని ముక్కు దగ్గర చెంప ఆనించి ఊపిరి చూసుకుంది. నేను మంచం కోడు పట్టుకున్నాను. అప్పటిదాకా నేను నా ఉద్యోగాన్ని, నా చొక్కాను, నా పరువును కాపాడుకుంటున్నాను. ఆ కరెంటు పిలగాడు సాయంత్రం వచ్చి ఆ రెండు వైర్లు కలిపి ఉంటే మర్నాడు పొద్దున మంట ఆరేది కాదు. "తప్పు నాది పెద్దమ్మా. ఆ తొవ్వ మూయొద్దని బిగించిన నాడు నేను గట్టిగ చెప్పలే. చాయ్ వచ్చిందని ఆపేసిన" అన్నాను. పెద్దమ్మ కళ్లొత్తుకుంటూ, "చాయ్ తెచ్చింది నేనే కదా" అంది.

ఆ మధ్యాహ్నమే గీజర్‌ను ఊడదీసి బయటి గోడకు బిగించి, కోతులకు అందకుండా చుట్టూ ఇనుప జాలీ పెట్టాను. మర్నాడు అవ్వ వెంటిలేటర్ తెరిచే ఉంచి, కుంపటి వరండాలో పెట్టి, తలుపుకు దుప్పటి కట్టి నీళ్లు పోసింది. అక్క బయటికి వచ్చి, "తల నొస్తలేదే అమ్మా" అంది నవ్వుతూ. సేటు ముందే వచ్చి జాలీ ముందు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. జరిగింది విన్నాడు. మా చేతుల మీద ఇళ్ల లోపల బిగించిన మిషన్లు ఇంకా ఎన్ని ఉన్నాయో ఆయన మనసులో లెక్క వేసుకున్నట్టున్నాడు, "రేపటి సంది అన్ని బయటికి తీద్దాం" అన్నాడు. జీవితంలో మొదటిసారి చివర గ్యారంటీ అనలేదు.

తొట్టెలలో వేసే వేళకు ఒక చిక్కు వచ్చింది. మేనమామ ముందుగా తొట్టెల ఊపాలి. అక్కకు అన్నదమ్ములు లేరు. వరసకు తమ్ముడయ్యే ఎవరో మరిపెడ నుంచి బయలుదేరి ఇంకా రాలేదు. అందరూ ఫోన్లు చేస్తుంటే, నీళ్ల అవ్వ పాపను ఎత్తుకుని గుంపులోంచి సూటిగా నా దగ్గరికి వచ్చింది. "మేనమామ కోసం ఎక్కడెక్కడనో దేవులాడుతాన్రు. నా నెత్తి మీదికెల్లి చీర గుంజి నా బిడ్డలను బయటికి తెచ్చినోడు ఈడ నిలవడ్డడు గద. ఊపురా కొడుకా." అక్క "అవును తమ్మీ, రా" అంది. అంతే, నీలం చొక్కాతో, మసి పూర్తిగా పోని గోళ్లతో తొట్టెల తాడు పట్టుకుని ఊపాను. కళ్లలో నీళ్లు వచ్చాయి, సాంబ్రాణి పొగ అనుకుంటారని తుడుచుకోలేదు.

ఆ తర్వాత అవ్వ ఎవరింటికి నీళ్లు పోయడానికి వెళ్లినా ముందు గోడలు చూసి తర్వాతే పిల్లను చూసేది. "ఓ మిషన్ పిలగా, ఈడ ఇంకోటి లోపల పెట్టిండ్రు, రా" అని ఎవరి ఫోన్‌లోంచో అరిచేది. ఆమె పుణ్యమా అని నాకు ఇప్పుడు సొంత కొట్టు ఉంది. ఇళ్లకు వెళ్తే సంచి విప్పకముందే, ఎవరు ఎప్పుడు ఎట్లా స్నానం చేస్తారని అడుగుతాను. జనం నవ్వుతారు, చెప్తారు.

ఆ పండుగ రోజు బస్సులో ఛాతీ విరుచుకుని కూర్చుని, పక్క సీటాయనకు, టికెట్లిచ్చే ఆయనకు, చివరికి డ్రైవరుకు కూడా కథంతా చెప్పుకుంటూ పోయిన ఆ ఇరవై ఒక్కేళ్ల వీరుణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ముల్లు తనే గుచ్చి, తనే తీసి, సంచీ నిండా లడ్డూలు తెచ్చుకున్నాడు. ఇంట్లోకి అడుగు పెడుతూనే, "అమ్మీ, నేను మామనైన!" అని కేకేశాడు. మేం ముగ్గురం అన్నదమ్ములమే, ఇంట్లో ఆడపిల్ల లేదు. అమ్మీ రొట్టెల పిండి చేతులతోనే బయటికి వచ్చి, కథంతా నిలబడే విన్నది. చివరికి అంది, "మామవైతె, పిల్లకు గాజులు లేకుండ ఉట్టి చేతులతోని పోయినవారా?" మర్నాడు పొద్దున్నే ఆమే బస్సెక్కి నాతో హన్మకొండ వచ్చింది, పాప చేతులకు నల్లగాజులు తొడగడానికి.